‘ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్’: మతిల్ద్ చేసింది నిరీక్షణా, దర్యాప్తా?

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. ఒక ఫ్రెంచి నవల ఆధారంగా జాన్-పియెర్ జునే దర్శకత్వంలో 2004 అక్టోబరులో ఫ్రాన్సులో విడుదలైన ఈ చిత్రం గురించి మన వేదికలో విడిగా చర్చ జరగలేదు కనుక నేనే మొదలుపెడుతున్నాను. ముగింపుతో సహా అన్నీ మాట్లాడుకోవలసిన సినిమా ఇది. ఇంకా చూడనివారు చూశాక ఇటు వస్తే మంచిది.

మొదటి ప్రపంచయుద్ధ కాలం, 1917 జనవరి. సోమ్ యుద్ధరంగంలో ‘బింగో క్రెపుస్క్యూల్’ అనే కందకానికి ఐదుగురు ఫ్రెంచి సైనికులను చేతులు కట్టి, బురదలో నడిపించుకుంటూ తీసుకొస్తారు. యుద్ధం తప్పించుకోవడానికి తమ చేతిని తామే గాయపరచుకున్నారన్నది వారి మీద మోపిన నేరం. ప్యారిస్ వడ్రంగి ఒకడు, కార్మిక సంఘాల భావాలున్న వెల్డింగు పనివాడు ఒకడు, కోర్సికా నుంచి వచ్చిన రౌడీ ఒకడు, దోర్దోన్ రైతు ఒకడు. వీరందరికన్నా చిన్నవాడు మనెక్ అనే బ్రిటనీ కుర్రవాడు. వారిని కాల్చి చంపకుండా, రెండు సైన్యాల మధ్యనున్న ఎవరిదీ కాని నేల మీదికి తోసేస్తారు. ఆ తర్వాత ఐదుగురూ చనిపోయారని కాగితం వస్తుంది. మనెక్‌తో నిశ్చితార్థమైన మతిల్ద్ ఆ కాగితాన్ని నమ్మదు. యుద్ధం ముగిశాక, 1920లో, ఆమె వెతకడం ప్రారంభిస్తుంది.

దీన్ని అందరూ ప్రేమకథగా చెప్పుకుంటారు, కాదనను. కానీ రెండోసారి చూసినప్పుడు నన్ను పట్టి నిలిపినది ఆ అమ్మాయి పనిచేసే తీరు. ఆమెకు చిన్న చిన్న పందాలు కట్టుకునే అలవాటుంది. కారు వచ్చేలోగా మలుపు దగ్గరికి తను చేరుకోగలిగితే మనెక్ ప్రాణాలతో తిరిగి వస్తాడనీ, భోజనానికి పిలుపు వచ్చేలోపు కుక్క గదిలోకి వస్తే అతను బతికే ఉన్నాడనీ తనలో తాను అనుకుంటుంది. గుండె నిలుపుకోవడానికి ఆ పందాలు. పని దగ్గరికి వచ్చేసరికి ఆమె వాటిమీద ఆధారపడదు. లాయరును కలుస్తుంది, డిటెక్టివును పెట్టుకుంటుంది, ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదువుతుంది, ఒకరి సాక్ష్యాన్ని ఇంకొకరి సాక్ష్యంతో సరిచూస్తుంది. ఒక శవం కాళ్లకు జర్మన్ బూట్లు ఉన్నాయా లేదా, ఎర్రటి ఉన్ని చేతితొడుగు ఎవరి చేతికి ఉంది అన్నంత చిన్న సంగతుల మీద ఆమె ఆశ నిలబడుతుంది, కూలుతుంది, మళ్లీ నిలబడుతుంది. ప్రియుడి కోసం కన్నీళ్లు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న నాయిక కాదు ఈమె. నా దృష్టిలో ఇది ఒక కేసు కట్ట. ఆ కట్టను విప్పుతున్న మనిషికి ప్రేమ ఉండటం వల్లనే ఆ పని చివరిదాకా సాగింది. మీరు ఎలా చూశారో తెలుసుకోవాలని ఉంది.

వేపచెట్టు:

మంచి ప్రారంభం. నాకు మొదటినుంచీ ఒక సందేహం ఉంది. సొంత సైనికులనే కందకం బయటికి తోసి శత్రువు తుపాకులకు వదిలేయడం నిజంగా జరిగిందా, లేక నవలాకారుడి ఊహేనా? చరిత్ర తెలిసినవారు చెప్పగలరు.

పాతసంచిక:

వేపచెట్టు గారూ, ఆ ఐదుగురూ కల్పిత పాత్రలే, ఆ కందకమూ కల్పితమే. కానీ ఆ శిక్ష గాలిలోంచి పుట్టలేదు. 1915 తొలినాళ్లలో పెతాఁ అనే ఫ్రెంచి జనరల్ ఒక సైనిక విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, చేతికి గాయం చేసుకున్నారన్న అనుమానం ఉన్న సైనికులను మొదట కాల్చమని, తర్వాత మనసు మార్చుకుని, కట్టేసి శత్రువుకు దగ్గరలో కందకం అవతల పడేయమని ఆజ్ఞాపించినట్టు, ఆయన దగ్గరే పనిచేసిన సెర్రిన్యీ అనే అధికారి రాసిపెట్టాడు. నవల చదివినప్పుడు ఆ సంగతే నాకు గుర్తుకు వచ్చింది.

ఇక కాల్చివేతల విషయం. 1914 సెప్టెంబరులో ఫ్రాన్సు ప్రత్యేక సైనిక న్యాయస్థానాలను ఏర్పాటు చేసింది. ముగ్గురు న్యాయాధికారులు, గంటల్లో విచారణ, అప్పీలు లేదు. యుద్ధకాలం మొత్తంలో సైనిక ఆజ్ఞలను ధిక్కరించారన్న నేరం మీద కాల్చివేసినవారు 600 పైచిలుకు ఉన్నారు, వారిలో ఎక్కువమంది మొదటి రెండేళ్లలోనే పోయారు. 1914 డిసెంబరు 4న వింగ్రేలో 298వ పదాతి రెజిమెంటుకు చెందిన ఆరుగురిని కాల్చారు. 1921లో వారు నిర్దోషులని తేలింది. 1915 ఫిబ్రవరిలో లూసియఁ బెర్సో అనే సైనికుణ్ణి కాల్చారు. చలికి ప్యాంటు అడిగితే, చనిపోయిన వాడి ఒంటి మీద నుంచి తీసిన రక్తపు మరకల ప్యాంటు ఇచ్చారు. దాన్ని తొడుక్కోనని అన్నాడు. అదే అతని నేరం. 1922లో అతని పేరు మీద మచ్చ తొలగించారు. 1915 మార్చి 17న సువాఁలో 336వ రెజిమెంటు కార్పొరల్స్ నలుగురిని కాల్చారు. వారి దళం కందకంలోంచి లేచి దాడికి వెళ్లలేదు; ఎదురుగా మెషిన్‌గన్లు పేలుతున్నాయి, తమ ఫిరంగి గుళ్లు తమ మీదే పడుతున్నాయి. ఆ నలుగురికి న్యాయం 1934లో దక్కింది.

ఇక్కడ జునే సినిమా విషయంలో గమనించవలసినది ఒకటి ఉంది. ఆ ప్రత్యేక న్యాయస్థానాలను 1916 ఏప్రిల్ చట్టంతో రద్దు చేశారు. 1917 జనవరి నాటికి మరణశిక్ష పడిన సైనికుడి కాగితాలు అధ్యక్షుడు పొయాఁకరే దాకా వెళ్లవలసిందే. సినిమాలో ఏం జరుగుతుంది? అధ్యక్షుడి క్షమాభిక్ష వస్తుంది. మేజర్ లవ్రూయ్ దాన్ని జేబులో వేసుకుని కూర్చుంటాడు. అంటే కథలోని దుర్మార్గం చట్టం లేకపోవడం వల్ల జరిగింది కాదు. చట్టం ఉంది, క్షమ వచ్చింది, ఒక మనిషి దాన్ని కిందికి అందనివ్వలేదు. ఆ కాలపు పరిస్థితిని ఇంత కచ్చితంగా పట్టుకున్న ప్రేమకథను నేను మరొకటి చూడలేదు.

తెరచాటు:

నాకు ఈ సినిమా మీద గౌరవం ఉంది, అభ్యంతరమూ ఉంది. బ్రూనో డెల్బొనెల్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషను వచ్చింది, ఫ్రాన్సులో సెజార్ అవార్డు వచ్చింది; కళాదర్శకత్వానికీ దుస్తులకూ సెజార్‌లు వచ్చాయి. వాటికి అర్హత లేదని అనను. లేఆల్ మార్కెట్టును, ఓర్సే స్టేషనును 1920 నాటి రూపంలో తెర మీద తిరిగి కట్టిన తీరు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ తేనె రంగు వెలుతురులో ముంచి తీసిన ఆ ఫ్రేములు చూస్తుంటే, లక్షలమంది చనిపోయిన యుద్ధం గురించి చెబుతూ ఇంత అందం అవసరమా అనిపిస్తుంది. ఉప్పుటేరు గాలి, లైట్‌హౌసు, టోపీలు, పాత కార్లు, గులకరాళ్ల మీద సైకిలుతో జర్రున జారి ఆగే పోస్టుమాన్. ఒక్కోసారి యుద్ధం ఈ అలంకారాల వెనక పడిపోతుంది. ఈ దర్శకుడికి ప్రతి ఫ్రేమునూ నింపాలన్న తహతహ ఎక్కువ. ప్రేక్షకుడు తనంతట తాను బాధపడటానికి ఖాళీ వదలడు.

గోదారిగట్టు:

తెరచాటు గారూ, మీ అభ్యంతరంలో బలముంది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. ఆ తేనె రంగు సినిమా అంతటా ఒకేలా ఉండదు. కందకాల దృశ్యాల్లో రంగు పిండేసినట్టు ఉంటుంది: బూడిద, బురద, వాన. మొదటి ఫ్రేములోనే శిలువ మీది క్రీస్తు విగ్రహం విరిగి ఒక చేతిమీద వేలాడుతూ కనిపిస్తుంది, దాని కింద వాన కురుస్తుంటుంది. ఎండ వెలుతురు మతిల్ద్ ఉన్న 1920 లోకానిది, ఆమె జ్ఞాపకాల్లోని బాల్యానిది. బింగో కందకం ఉండిన చోటికి ఆమె స్వయంగా వెళ్లినప్పుడు అక్కడ గడ్డి మొలిచిన పొలం ఉంటుంది. ఆ పచ్చదనం నాకు అలంకారంగా అనిపించలేదు. సాక్ష్యం మీద పచ్చిక మొలిచేసింది, ఇక ఆలస్యం చేస్తే నేల కూడా ఏమీ చెప్పదు అన్న ఆందోళన పుట్టింది.

మనెక్ గాయం దృశ్యాన్ని కూడా గుర్తు చేసుకోండి. అతను తన తుపాకీతో తనను కాల్చుకోడు. చీకట్లో సిగరెట్టు వెలిగించి, ఆ నిప్పు కనబడేలా చేతిని కందకం గట్టు పైకి ఎత్తి పట్టుకుంటాడు. అవతలి గట్టున ఎవరో జర్మన్ సైనికుడు గురి చూస్తాడు. అంతకు ముందు పక్కనున్న తోటి సైనికుడు గుండు పడి తునాతునకలై, ఆ మాంసమంతా మనెక్ మీద పడింది. అప్పటినుంచీ అతను మనిషి కాలేకపోయాడు. చెయ్యి చితికాక, ఆ గాయం సలుపుతున్న ప్రతిసారీ అరచేతిలో మతిల్ద్ గుండె కొట్టుకుంటున్నట్టు ఉంటుందని అంటాడు. నేరమని సైన్యం రాసుకున్న గాయంలో అతను ప్రేమించిన మనిషి గుండె చప్పుడు వినబడుతోంది. ఈ దృశ్యంలో అందం ఎక్కడా అడ్డం రాలేదని నా నమ్మకం.

మల్లెతీగ:

అందరూ మతిల్ద్ చుట్టూనే తిరుగుతున్నారు. నేను టీనా లొంబార్ది గురించి రాయాలనుకుంటున్నాను. మారియన్ కోటియార్‌కు ఉత్తమ సహాయనటిగా సెజార్ తెచ్చిపెట్టిన పాత్ర ఇది, సినిమాలో కనిపించేది చాలా తక్కువసేపు.

టీనా ప్రియుడు కూడా ఆ ఐదుగురిలో ఒకడు, కోర్సికా వాడు ఆంజ్. అతను మంచివాడు కాదు, ఆమె వేశ్యావృత్తిలో ఉన్న మనిషి. వీళ్ల ప్రేమను ఏ ఊరి పెద్దలూ ఆశీర్వదించరు. ఆమె కూడా మతిల్ద్ లాగే వెతుకుతుంది, మతిల్ద్ కన్నా ముందే వెళ్లి అవే తలుపులు కొడుతుంది. కానీ ఆమె వెతికేది బతికున్న మనిషిని కాదు, చంపినవాళ్లను. ఒక్కొక్క అధికారినీ పట్టుకుని చంపి, చివరికి గిలటిన్ కింద తల పెడుతుంది. జైలులో ఆ ఇద్దరు స్త్రీలూ ఎదురెదురుగా కూర్చునే దృశ్యం సినిమాకు కేంద్రమని నా అభిప్రాయం. ఒకే వార్త, ఒకే శీతాకాలం, ఒకే కందకం. ఒకామెకు చిన్నాన్న, పిన్ని, తల్లిదండ్రులు వదిలి వెళ్లిన డబ్బు, ఉండటానికి ఇల్లు ఉన్నాయి, లాయరును పెట్టుకోగలదు. రెండో ఆమెకు ఏమీ లేవు. న్యాయం అడగడానికి వెళ్లే దారి ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. గోదారిగట్టు గారు అన్న ‘కేసు కట్ట’ను విప్పే తీరిక, స్థోమత అందరికీ ఉండవని ఈ సినిమా స్పష్టంగా చూపింది.

జోడీ ఫోస్టర్ వేసిన ఎలోడీ పాత్రను కూడా మరవకూడదు. ఆరుగురు పిల్లల తండ్రిని యుద్ధరంగం నుంచి ఇంటికి పంపిస్తారు. ఆమె భర్తకు ఐదుగురు. ఆరో బిడ్డ తనవల్ల కాదని తెలిసి, తన స్నేహితుడితో కలిసి ఆ బిడ్డను కనమని భర్తే భార్యను బతిమాలతాడు. ఆ తర్వాత ఆ ముగ్గురి మధ్యా ఏం మిగిలిందో చూశారు కదా. తుపాకీ మోయని ఆడవాళ్ల ఒంటిమీద కూడా ఆ యుద్ధం ఎలా నడిచిందో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు. పట్టుమని పదిహేను నిమిషాలు కూడా లేని ఈ భాగం నన్ను రోజులతరబడి వెంటాడింది.

చదువరి:

సెబాస్టియన్ జప్రిసో నవల 1991లో వచ్చింది, ఆ ఏడాదే ఆంతెరాలియే బహుమతి పొందింది. ఆయన డిటెక్టివ్ కథలు రాసి పేరు తెచ్చుకున్న రచయిత కావడం వల్లనే ఈ ప్రేమకథకు దర్యాప్తు ఎముకల గూడు అంత గట్టిగా అమరింది. సినిమా పూర్తి కాకముందే, 2003 మార్చిలో ఆయన మరణించాడు.

నవల చదివినవారికి రెండు మార్పులు వెంటనే కనబడతాయి. నవలలో మతిల్ద్ ఊరు నైరుతి ఫ్రాన్సు తీరంలోని కాప్‌బ్రెతాఁ, సినిమాలో బ్రిటనీ. అది చిన్న విషయం. పెద్ద మార్పు ఆమె కాళ్లది. నవలలో మతిల్ద్ నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉంటుంది. సినిమాలో పోలియో వల్ల కుంటుతూ నడుస్తుంది. పైగా లాయరు రూవియేర్ జాలి సంపాదించడానికి ఒకసారి కావాలని చక్రాల కుర్చీలో కూర్చుని వెళుతుంది. ఓద్రే తోతూ ఆ సన్నివేశాన్ని చక్కగా చేసింది, కానీ నవలలోని మతిల్ద్ నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ ఆమె ఎక్కడికీ పరుగెత్తలేదు. కనుక లోకమంతా ఉత్తరాల రూపంలో ఆమె దగ్గరికి రావలసిందే. ఉత్తరం రాసిన మనిషి ఏం దాచాడు, ఎక్కడ తడబడ్డాడు, ఎందుకు అబద్ధం చెప్పాడు అన్నది కుర్చీలో కూర్చుని ఆలోచించే స్త్రీగా ఆమెను జప్రిసో నిలబెట్టాడు. సినిమా కదలిక కోరుతుంది కాబట్టి జునే ఆమెను నడిపించాడు. అది అవసరమే అయినా, పాత్ర లోతు కొంత తగ్గిందని నేను అనుకుంటాను.

వేపచెట్టు:

చదువరి గారూ, ఆమెను నడిపించకపోతే చివరి ప్రశ్న ఉండేది కాదు కదా? నడిస్తే నొప్పిగా ఉంటుందా అని మనెక్ అడగడం సినిమాకు ప్రాణం.

చదువరి:

నిజమే, ఆ ప్రశ్న బలం వేరే. చిన్నప్పుడు మొదటిసారి కలిసినప్పుడు ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నే, జ్ఞాపకమంతా చెదిరిపోయిన యువకుడు తోటలో మళ్లీ అడుగుతాడు. ఆ ఒక్క దృశ్యం కోసం మార్పును ఒప్పుకోవచ్చు.

తెల్లకోటు:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. ముగింపు గురించి నా వృత్తి కోణంలో కొంత రాస్తాను.

మనెక్‌కు పట్టినట్టు తన పేరు, ఊరు, తల్లిదండ్రులు, గతం సమస్తం ఏళ్లతరబడి చెరిగిపోయి, మిగతా బుద్ధి, మాట, మర్యాద అన్నీ చెక్కుచెదరకుండా ఉండటం నిజజీవితంలో చాలా అరుదు. కథ కోసం తీసుకున్న స్వేచ్ఛ అది. అయితే యుద్ధం మొదటి భాగంలో అతని స్థితిని చూపిన తీరులో అతిశయం లేదు. గుండ్ల మోత మధ్య రోజులతరబడి గడిపిన సైనికులకు మాట పడిపోవడం, ఆపుకోలేని వణుకు, నడక పోవడం, ఎక్కడున్నామో తెలియకపోవడం వంటివి అన్ని దేశాల సైన్యాల్లోనూ వైద్యులు నమోదు చేశారు. అవి నటన అని అనుమానించి శిక్షించినవారూ ఉన్నారు. మంచు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఎండిపోయిన చెట్టు మొద్దు మీద మూడు ఎమ్ అక్షరాలు చెక్కుతున్న మనెక్, నెత్తి మీదికి శత్రువిమానం వస్తున్నా తల ఎత్తడు. ఫ్రెంచిలో ‘ఎమ్’ అని పలికితే ‘ప్రేమిస్తున్నాడు’ అన్న మాటలాగే వినబడుతుంది కనుక, ‘మనెక్ మతిల్ద్‌ను ప్రేమిస్తున్నాడు’ అని చెప్పడానికి ఆ మూడు అక్షరాలు చాలు. భయం దాటిపోయిన మనిషి ఎలా ఉంటాడో గాస్పార్ ఉల్లియెల్ ఆ కొద్ది క్షణాల్లో చూపించాడు. ఆశాజనక నటుడిగా సెజార్ అందుకున్న ఆ కుర్రవాడు 2022 జనవరిలో స్కీయింగ్ ప్రమాదంలో 37 ఏళ్లకే పోయాడు. ఆ వార్త విన్నాక ఆ దృశ్యం చూడటం నాకు కష్టంగానే ఉంది.

ఈ కథకు దగ్గరైన నిజమైన ఉదంతం ఒకటుంది. 1918 ఫిబ్రవరి 1న లియోఁ నగరంలోని బ్రోతో రైల్వేస్టేషనులో, జర్మనీ నుంచి తిరిగి వచ్చిన యుద్ధఖైదీల మధ్య, తను ఎవరో చెప్పలేని సైనికుడొకడు కనిపించాడు. అతను గొణిగిన మాటలనుబట్టి ఆంతెల్మ్ మాంజఁ అని పేరు పెట్టి, చివరికి రోదేజ్ మానసిక చికిత్సాలయంలో ఉంచారు. యుద్ధం తర్వాత అతని ఫొటో పత్రికల్లో వేస్తే, ఇతను మా కొడుకే, మా భర్తే, మా అన్నే అంటూ ఎన్నో కుటుంబాలు వచ్చాయి. ఒక్కొక్కరూ ఫొటోలు, పుట్టుమచ్చలు, పోలికలు చూపించారు. ఏళ్లకేళ్లు కోర్టులో నడిచిన ఆ వివాదంలో, చివరికి 1938లో అతను ఆంద్ర్ జిల్లా సేమోర్ గ్రామానికి చెందిన ఓక్తావ్ మోంజువఁ అని తీర్పు వచ్చింది. 1942లో ప్యారిస్ సేంత్-ఆన్ ఆసుపత్రిలో మరణించాడు. అతను తన ఇంట్లో ఒక్కరోజు కూడా బతకలేదు. మతిల్ద్‌కు దక్కినది ఆ కుటుంబాల్లో ఎవరికీ దక్కలేదు.

మల్లెతీగ:

తెల్లకోటు గారు రాసినది చదివాక నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న విషయం అడుగుతాను. మనెక్‌ను తన కొడుకుగా ఇంటికి తీసుకుపోయిన ఆ తల్లి, మదామ్ దెరోషెల్, తప్పు చేయలేదా? ఆసుపత్రి మంచం మీద పడుకున్నవాడు తన బిడ్డ కాదని ఆమెకు మొదటి చూపులోనే తెలుసు. మెడలోని బిళ్ల మీద తన కొడుకు పేరుంది కనుక ఒప్పుకుంది. అవతల ఇంకెవరో ఆ కుర్రవాడి కోసం గుండెలు బాదుకుంటున్నారని ఊహించలేని మనిషి కాదు. సినిమా ఆమెను చాలా మెత్తగా వదిలేసింది.

పాతసంచిక:

మల్లెతీగ గారూ, నేను ఆమె పక్షాన మాట్లాడతాను. ఆ యుద్ధంలో ఫ్రాన్సుకు దాదాపు 14 లక్షలమంది సైనికులు చనిపోయారు, వారిలో లక్షలమంది ఆనవాలు దొరకలేదు. వెర్దఁ దగ్గర దువోమోఁ అస్థిశాలలో ఎవరివో తెలియని 1,30,000 మంది ఎముకలు ఉన్నాయి, ఫ్రెంచివారివి, జర్మన్లవి కలిసిపోయి. జాడ తెలియని మనిషి భార్యకు అతను పోయాడని కోర్టు ప్రకటిస్తే తప్ప చట్టం దృష్టిలో వితంతువు హోదా కూడా లేదు. ఇళ్లలో శవం లేదు, సమాధి లేదు, తేదీ లేదు. జెనీవాలో రెడ్‌క్రాస్ నడిపిన యుద్ధఖైదీల ఏజెన్సీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినవారు ఎందరో. 1920 నవంబరు 11న ప్యారిస్ విజయతోరణం దగ్గరికి అనామక సైనికుడి శవపేటిక తెచ్చినప్పుడు, ఆ పెట్టెలో ఉన్నది తమ బిడ్డే కావచ్చని ఎంతమంది తల్లులు అనుకుని ఉంటారో ఆలోచించండి. అటువంటి కాలంలో ఒక తల్లికి పడక మీద ఒక బిడ్డ కనిపించాడు, కాదనడానికి నోరు రాలేదు. అది దొంగతనమే కావచ్చు. కానీ శిక్షించవలసినది ఆమెను కాదు.

మల్లెతీగ:

శిక్షించమని నేనూ అనడం లేదు. కానీ మతిల్ద్ మూడేళ్లు పోగొట్టుకుంది, ఆ తల్లి మూడేళ్లు దాచింది. రెండూ ఒకే త్రాసులో పెట్టాలి. దుఃఖం ఉందన్న ఒక్క కారణంతో ఇంకొకరి మనిషిని ఉంచుకునే హక్కు రాదు. సినిమా ఆ ప్రశ్న అడిగి, ఎండ వెలుతురులో నిలబెట్టి, జవాబు చెప్పకుండా ముందుకు నడిచింది. నాకు అసంతృప్తి మిగిలింది అక్కడే.

నైషధప్రియ:

ఈ చర్చ చదువుతుంటే నాకు భారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం గుర్తుకొచ్చింది. దమయంతి కూడా ఏడుస్తూ కూర్చోలేదు. నలుడికి మాత్రమే అర్థమయ్యే మాటలు నేర్పి బ్రాహ్మణులను దేశదేశాలకూ పంపింది. అయోధ్యలో బాహుకుడు ఇచ్చిన జవాబు విని అనుమానించింది. రెండో స్వయంవరమని కబురు పంపి రప్పించింది. అతను వండిన వంట తెప్పించి రుచి చూసింది. పిల్లలను అతని ముందుకు పంపి ముఖం ఎలా మారుతుందో గమనింపజేసింది. రూపం మారిన భర్తను రుజువుల మీద నిలబెట్టి గుర్తించిన స్త్రీ ఆమె. ఒక్క తేడా ఉంది. బాహుకుడికి తను నలుడినని తెలుసు. మనెక్‌కు తను మనెక్‌నని తెలియదు. అందువల్ల దమయంతి వెతుకులాట గుర్తింపుతో ముగుస్తుంది, మతిల్ద్‌ది అక్కడ మళ్లీ మొదలవుతుంది.

దూరతీరం:

నేను ఉద్యోగరీత్యా ఉత్తర ఫ్రాన్సులో ఉంటున్నాను. ఇక్కడ ఏ పల్లెకు వెళ్లినా చర్చి దగ్గరో ఊరి పాలక కార్యాలయం దగ్గరో యుద్ధమృతుల స్తూపం కనబడుతుంది. వంద గడపలు లేని ఊళ్లో కూడా ఇరవై ముప్పై పేర్లు ఉంటాయి, ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు వరుసగా వస్తుంది. అన్నదమ్ములై ఉంటారు. కాల్చివేతకు గురైనవారి పేర్లను చాలాచోట్ల ఆ స్తూపాల మీద చెక్కనివ్వలేదు. కొన్ని ఊళ్లలో దశాబ్దాల తర్వాత చేర్చారు.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట. లీల్ నగరానికి దగ్గరలోని నవ్ షాపెల్‌లో 1927లో ఆవిష్కరించిన భారత సైనికుల స్మారకం ఉంది. 1915 మార్చిలో అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. ఫ్రాన్సు, బెల్జియంలలో పోయి, సమాధి ఏదో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఆ గుండ్రటి గోడ మీద ఉన్నాయి. వారి కోసం వెతకడానికి సముద్రం దాటి వచ్చే స్థోమత ఎవరి ఇంట్లో ఉంది? మల్లెతీగ గారు టీనా గురించి అన్న మాట నాకు ఆ గోడ ముందు నిలబడినప్పుడు మరింత నిజమనిపించింది.

తెరచాటు:

ఈ సినిమా అసలు ఫ్రెంచిదేనా అన్న గొడవ కూడా జరిగిందని కొత్తవారికి చెప్పాలి. ఫ్రెంచి నవల, ఫ్రెంచి దర్శకుడు, ఫ్రెంచి నటులు, ఫ్రెంచి భాష. కానీ నిర్మాణ సంస్థలో అమెరికా వార్నర్ బ్రదర్స్ వాటా ఉన్నందున, ఫ్రెంచి చిత్రాలకిచ్చే ప్రభుత్వ సహాయానికి ఇది తగదని 2004 నవంబరులో ప్యారిస్ కోర్టు చెప్పింది. ఆ ఏడాది ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగానికి ఫ్రాన్సు ‘లే కోరిస్ట్’ను పంపింది. ఇంతటి సెట్లు, ఇంతటి జనం అవసరమైన కథకు డబ్బు ఎక్కడినుంచి వచ్చినా, తెర మీద ఉన్నది ఫ్రెంచి గాయమే. ఈ విషయంలో కోర్టు తీర్పు చట్టం ప్రకారం సరైనదే అయినా నాకు బాధ కలిగించింది.

పాతసంచిక:

గోదారిగట్టు గారి మొదటి ప్రశ్నకు తిరిగి వస్తూ, మతిల్ద్‌కు నిజజీవితంలో అక్క వంటి ఒక స్త్రీ గురించి చెప్పి నా మాట ముగిస్తాను. సువాఁలో కాల్చివేసిన నలుగురిలో తెయోఫిల్ మోపా ఒకరు. నార్మండీలో పల్లెటూరి బడిపంతులు. ఆయన భార్య బ్లాంష్ కూడా ఉపాధ్యాయురాలే. భర్త పిరికివాడిగా చచ్చాడని ప్రభుత్వం రాసిన కాగితాన్ని ఆమె ఒప్పుకోలేదు. సాక్షులను వెతికింది, మానవహక్కుల సంఘాన్ని కలుపుకుంది, కోర్టులు తిప్పి పంపినా మళ్లీ వెళ్లింది. 1934లో నలుగురూ నిర్దోషులని తీర్పు వచ్చేనాటికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. ఆమెకు భర్త తిరిగి రాడని మొదటినుంచీ తెలుసు. అయినా పని ఆపలేదు.

గోదారిగట్టు:

పాతసంచిక గారికి కృతజ్ఞతలు. బ్లాంష్ మోపా కథ విన్నాక నా అభిప్రాయం మరింత గట్టిపడింది. మతిల్ద్ మనెక్‌ను చూసిన క్షణంలో నేనెవరో తెలుసా అని అడగదు, ఉత్తరాలు తీసి చూపించదు, చెట్టు మీద చెక్కిన అక్షరాల గురించి చెప్పదు. అన్ని రుజువులూ చేతిలో ఉన్న మనిషి వాటిలో ఒక్కదాన్నీ అతని ముందు పెట్టకపోవడం నాకు సినిమాలో అన్నిటికన్నా నచ్చింది. రుజువులు సైన్యం కోసం, లాయరు కోసం, తన కోసం. అతనికి వాటితో అవసరం లేదని ఆమెకు తెలుసు.

నవల చదవాలనుకునేవారికి చదువరి గారు సలహా ఇస్తే బాగుంటుంది. సినిమా చూసి నవల చదవాలా, లేక ముందు నవలా?

చదువరి:

ముందు సినిమా చూడండి. ఐదుగురు సైనికుల పేర్లు, మారుపేర్లు, వారి భార్యలు, స్నేహితులు అందరూ ముఖాలతో గుర్తుంటారు. ఆ తర్వాత నవలలోని ఉత్తరాలు చదువుతుంటే ఎవరు ఎవరికి ఎందుకు అబద్ధం చెప్పారో తేలిగ్గా పట్టుబడుతుంది. డబ్బింగులో కాకుండా ఫ్రెంచి మాటలతోనే చూడండి. సెలెస్తఁ పూ అనే సైనికుడిగా ఆల్బేర్ ద్యుపోంతెల్, డిటెక్టివుగా టికీ ఓల్గాదో మాట్లాడే తీరు వేరే గొంతులో రాదు. ఓల్గాదో కూడా సినిమా విడుదలకు ముందే మరణించాడు.